ఆయన నైజీరియా మనిషి కాదు, ఆ ఊరు ఎడారి కాదు

అనంతపురం జిల్లాలో పుట్టి, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటున్న ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. అందులోని ముఖ్య విషయాలు ఇవి.

వ్యవసాయ సంస్థల ఇంగ్లీషు నివేదికలను దిద్ది అచ్చుకు సిద్ధం చేసే చిన్న కార్యాలయం వారిది. ఆమెకు ఈ పని నేర్పింది అక్కడి పెద్దాయనే. ఒకప్పుడు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. ఆమె తల్లికి ఆపరేషన్ జరిగినప్పుడు అడగకుండానే డబ్బు సర్దారు. పోయిన ఏడాది పశ్చిమ ఆఫ్రికాలో సజ్జ సాగు మీద ఒక నివేదిక వచ్చింది. నైజర్, మాలి, బుర్కినా ఫాసో దేశాల్లోని సాహెల్ ప్రాంతం గురించిన నివేదిక అది. ఆమె అంతటా ‘ది సాహెల్’ అని ఉంచారు. పెద్దాయన డెబ్బై చోట్ల ‘ది’ కొట్టేశారు. “ఒకప్పుడు ది ఉక్రెయిన్ అనేవారు. అది అవమానమని తెలిసి అందరూ మానుకున్నారు. ఇదీ అంతే. అయినా జి5 సాహెల్ అనే కూటమి పేరులో ది ఉందా?” అన్నారు. శీర్షికల్లో సాహెల్ పక్కన ‘డెజర్ట్’ అని చేర్చారు. నైజర్ శాస్త్రవేత్తలను ఉద్దేశించి ఆమె ‘ఈ’ అక్షరంతో రాసిన ‘నిజేరియెన్’ను అచ్చుతప్పు అనుకుని, ‘ఏ’ అక్షరం పెట్టి ‘నైజీరియన్’గా మార్చారు. కంప్యూటర్ కూడా ఆయన పక్షమే వహించి ఆ మాట కింద ఎర్రగీత గీసిందట.

మూడు వందల ప్రతులు అచ్చయ్యాయి. విడుదల రోజు ఆన్‌లైన్ సమావేశంలో నైజర్ రాజధాని నియామే నగరం నుంచి మాట్లాడిన ఒక శాస్త్రవేత్త, చివర్లో చాలా మర్యాదగా, “నేను నైజీరియా వాణ్ని కాను. మా ఊరు ఎడారిలో లేదు” అన్నారు. పెద్దాయన వెంటనే “మా అమ్మాయి చూసుకోలేదు” అని ఈమె వైపు చెయ్యి చూపించారు. ఆమె నోరు విప్పలేదు.

ఇప్పుడు రెండో నివేదిక బల్ల మీదికి వచ్చింది. సెనెగల్, గాంబియాలలో వేరుశనగ సాగు గురించి. ఈసారి ఒక్క ‘ది’ కూడా కనిపించకూడదని పెద్దాయన ముందే చెప్పారు. ఒక్క అక్షరం కోసం అన్నం పెట్టే చోట గొడవ ఎందుకని భర్త అంటున్నారు. ఉత్తరం చివర ఆమె ఇంకో సంగతి ఒప్పుకున్నారు. మొదటి నివేదికకు తెలుగు సారాంశం రాసింది ఆమే. అందులో రెండు చోట్ల ‘నైజీరియా రైతులు’ అని ఆమె చేతి మీదుగానే పడింది. “తప్పు ఎవరిది? ఎవరికి చెప్పాలి? చెబితే గురుద్రోహం అవుతుందా?” అని అడుగుతున్నారు.

అమ్మా, మీరు మూడు తప్పులను ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. వాటి బరువులు ఒకటి కావు. మూట విప్పి చూస్తే, దేనికోసం పట్టుబట్టాలో, దేన్ని ఆయనకు వదిలేయవచ్చో మీకే తెలుస్తుంది.

ముందు ‘ది’ సంగతి. ఇంగ్లీషు వాడుక ప్రకారం మీరు రాసిందే సరైనది. సాహెల్ అన్నది అరబ్బీ మాట. తీరం అని అర్థం. ఇసుక సముద్రం లాంటి సహారాను దాటి దక్షిణానికి వస్తే దొరికే ఒడ్డు అది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాష పేరు కూడా ఆ మాట బహువచనం నుంచే పుట్టింది. ట్యునీషియాలో సాహెల్ అంటే సూస్, మొనస్తీర్ ఊళ్లున్న నిజమైన సముద్రతీరం. అంటే ఈ పేరు మొదట ఒక వర్ణన. ఇలా వర్ణనగా మొదలై ప్రాంతాల పేర్లుగా స్థిరపడిన వాటికి ఇంగ్లీషులో ‘ది’ అంటిపెట్టుకునే ఉంటుంది. సహారా, మగ్రెబ్, మన దక్కన్ అన్నీ అంతే. మనం మాట్లాడుతున్న సాహెల్ ఒక దేశం కాదు. సెనెగల్ నుంచి ఎర్రసముద్రం దాకా ఖండానికి అడ్డంగా పరచుకున్న మెట్టనేలల పట్టీ. కోస్తా అన్న మాట మనకు పోర్చుగీసు నుంచి వచ్చిందంటారు. దాని అర్థమూ తీరమే. ఆ మాటను మనం ఊరూ జిల్లా కలిపి ఒక ప్రాంతానికి పేరుగా వాడుకుంటున్నట్టే, వారు సాహెల్‌ను వాడుకుంటున్నారు. తెలుగులో ‘ది’ లాంటి మాటే లేదు కనుక ఆ పేరు ముందు అది ఎందుకుండాలో మనకు సహజంగా తోచదు. అందులో మీ పెద్దాయన తప్పేమీ లేదు.

ఆయన ఉక్రెయిన్ మాట ఎత్తడంలో ఒక మంచితనం ఉంది. దాన్ని మీరు గుర్తించాలి. ఒక జాతి పేరు ముందు పాత పాలనా కాలం నుంచి అంటుకుని వచ్చిన ముక్కను తీసేయాలన్న గౌరవం అది. 1991లో స్వతంత్రం వచ్చాక ఉక్రెయిన్ వారు తమ పేరును ‘ది’ లేకుండానే పలకమన్నారు. ప్రపంచం విన్నది. అయితే ఇదే రకమైన కోరిక ఆఫ్రికాలో సరిగ్గా తలకిందులుగా వచ్చింది. 1964లో, స్వాతంత్ర్యానికి ముందు, గాంబియా ప్రధాని కార్యాలయం లండన్‌లోని భౌగోళిక నామాల సంఘానికి ఉత్తరం రాసి, తమ దేశం పేరులో ‘ది’ని ఉంచమని, దాని మొదటి అక్షరాన్ని పెద్దదిగా రాయమని కోరింది. ఆ ఏడాదే జాంబియా స్వతంత్ర దేశమవుతోంది. గాంబియా, జాంబియా అన్న రెండు పేర్లు జనం కలిపేసుకుంటారని వారి భయం. ఒక నది రెండు గట్ల వెంట సన్నగా సాగే దేశం కనుక, నది పేరుకు ఉండే ‘ది’ వారికి పరాయిదిగా అనిపించలేదు. ఉక్రెయిన్ వద్దంది, గాంబియా కావాలంది. రెండు చోట్లా ఆ పేరు గలవారి మాటే చెల్లింది. సాహెల్‌కు ఒక ప్రభుత్వం లేదు, అలా కోరడానికి ఎవరూ లేరు. అక్కడ వాడుకే ప్రమాణం, వాడుక ‘ది’ వైపే ఉంది.

ఇక జి5 సాహెల్. 2014లో మారిటానియా, మాలి, బుర్కినా ఫాసో, నైజర్, చాద్ కలిసి పెట్టుకున్న, ఇప్పుడు రద్దయిన కూటమి. ఫ్రెంచి భాషలో కూర్చిన సంస్థ పేరు అది. అదే ఫ్రెంచి వారు మామూలు వాక్యంలో ‘లె సాహెల్’ అనే రాస్తారు. ఒక సంస్థ పేరును చూపించి వ్యాకరణ సూత్రం తీయలేం.

మీ సొంత జిల్లా కథ ఒకటి గుర్తుచేస్తాను. 1800లో నిజాం కుంఫిణీకి రాసిచ్చిన నేలను ఇంగ్లీషులో ‘ది సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు, తెలుగులో దత్త మండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని దాని అర్థం. 1928లో నంద్యాల సభలో ఆ పేరు వదిలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. దాని ముందు ఇంగ్లీషులో ఏ ‘ది’ అవసరం లేకపోయింది. అయినా సినిమా వ్యాపారంలో ఇప్పటికీ ‘సీడెడ్’ అన్న మాట వింటాం. పేరు వెనుక ఎంత బరువుంటుందో మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. ‘ది’ కోసం మీరు పడ్డ తపన పిచ్చి పంతం కాదని చెప్పడానికే ఇదంతా. కానీ న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ‘ఇన్ సాహెల్’ అని చదివితే ఇంగ్లీషు బాగా తెలిసిన పాఠకుడికి చెవిలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. అంతే. దానివల్ల ఏ మనిషీ నొచ్చుకోడు.

రెండో తప్పు అలాంటిది కాదు. ‘సాహెల్ డెజర్ట్’ అన్నది వ్యాకరణ దోషం కాదు, అసత్యం. సహారా అన్న మాటకే ఎడారి అని అర్థం. సాహెల్ ఆ ఎడారి ముగిసే చోట మొదలవుతుంది. ఉత్తరపు అంచున ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్లు, దక్షిణానికి వచ్చేసరికి 600 దాకా వాన కురుస్తుంది. అదంతా జూన్ నుంచి సెప్టెంబరు మధ్య పడేదే. ఈ లెక్క మీకు ఎక్కడో విన్నట్టు అనిపించాలి. నియామే నగరపు సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అనంతపురం జిల్లాదీ దాదాపు అంతే. మీ జిల్లాను ఎడారి అని రాసిన వార్త చదివి చిన్నప్పుడు మీ నాన్నగారు పత్రిక మడిచి పక్కన పడేశారని ఉత్తరంలోనే రాశారు కదా. ఆ రోజు మీ నాన్నగారు అన్న మాటనే ఇన్నేళ్ల తరువాత నియామే నుంచి ఆ శాస్త్రవేత్త అన్నారు.

పైగా మీరు దిద్దింది సజ్జ మీద నివేదిక! నాలుగు వేల ఏళ్లకు పూర్వమే సజ్జను పంటగా మలిచింది ఆ సాహెల్ రైతులే. అక్కడి నుంచే అది మన దేశానికి వచ్చింది. మన ఇళ్లలో సజ్జరొట్టె తట్టే ప్రతి చేతికీ ఆ నేలతో బంధుత్వం ఉంది. అలాంటి నేలను ఎడారి అని శీర్షికలో రాస్తే, ఆ రైతుల వేల ఏళ్ల సేద్యాన్ని ఒక్క మాటతో చెరిపేసినట్టే. ఈ పొరపాటు ఎలా పుట్టిందో ఊహించగలను. 1968 తరువాత వరుసగా కొన్నేళ్లు వచ్చిన ఘోర కరువు కాలంలోనే సాహెల్ అన్న పేరు లోకమంతటి పత్రికల్లో మోగింది. పగిలిన నేల, కూలిన పశువులు, ఆ బొమ్మలే మీ పెద్దాయన వయసు వారి మనసులో నిలిచిపోయాయి. నైజర్ దేశపు ఉత్తర భాగం చాలావరకు సహారాయే కావడం మరో కారణం. కానీ జనంలో ఎక్కువ మంది ఉండేది, పంటలు పండేది దక్షిణాన ఉన్న సాహెల్‌లోనే.

మూడో తప్పు అన్నిటికన్నా బరువైనది. నైజర్, నైజీరియా పక్కపక్క దేశాలు. రెండూ ఒకే నది పేరు పెట్టుకున్నాయి. నైజీరియా అన్న పేరును ఫ్లోరా షా అనే విలేఖరి 1897లో లండన్ పత్రికలో ప్రతిపాదించింది. 1960లో రెండు దేశాలకూ స్వాతంత్ర్యం వచ్చింది. ఆగస్టు 3న ఫ్రెంచి వారి నుంచి నైజర్‌కు, అక్టోబరు 1న బ్రిటిష్ వారి నుంచి నైజీరియాకు. నేల లెక్కన నైజరే పెద్దది. జనం లెక్కన నైజీరియా 20 కోట్లు దాటింది, నైజర్ 3 కోట్ల లోపే. అంత పెద్ద పొరుగు పక్కన ఉన్న దేశపు మనిషికి తన ఊరు, తన దేశం ప్రతి చోటా ఆ పొరుగు పేరులో కలిసిపోతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. రాతలో తేడా ఒక్క అక్షరమే. పలకడంలో మాత్రం దూరం చాలా ఉంది. ఒకటి ఇంగ్లీషు పద్ధతిలో ‘నైజీరియన్’, ఇంకొకటి ఫ్రెంచి పోకడతో ‘నిజేరియెన్’. ఎర్రగీత గీసే కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు. మీకు తెలుసు, సరిగ్గానే రాశారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మౌనంగా ఉండిపోవడం ఒక దారి. ఇంట్లో, ఆఫీసులో ప్రశాంతంగా ఉంటుంది. అయితే రెండో నివేదికలో మీరు చెరపబోయే ‘ది’ ఒక దేశపు అధికారిక నామంలోని భాగం. గాంబియా నుంచి మళ్లీ ఒకరు లేచి మర్యాదగా రెండు మాటలు అంటే, ఆ చెయ్యి మళ్లీ మీ వైపే తిరుగుతుంది. మీరు ఇప్పుడు కొనుక్కునే ప్రశాంతతకు గడువు చాలా తక్కువ.

నివేదిక ఇచ్చిన సంస్థకు నేరుగా రాసి, మార్పులు చేసింది ఎవరో చెప్పేయడం రెండో దారి. నిజం బయటపడుతుంది, మీ పేరు మీద పడ్డ మచ్చ పోతుంది. కానీ చిన్న కార్యాలయం అది. ఒక్క పెద్ద పని చేజారితే మీతో పాటు నలుగురి జీతాలు కదిలిపోవచ్చు. ఆ పెద్దాయనతో మీకున్న బంధం కూడా ఆ ఉత్తరంతో తెగుతుంది. ఇది తప్పు దారి అని నేను అనను. ఆయనకు అన్నీ చెప్పిన తరువాత కూడా మనుషుల దేశాలను మార్చి రాయమని పట్టుబడితే, అప్పుడు మీకు మిగిలేది ఇదే. ఈ రోజే దాన్ని ఎంచుకుంటే మాత్రం ఆయన మారడానికి ఒక్క అవకాశమైనా ఇవ్వనట్టవుతుంది.

మూడో దారి ఆయనతో ఒంటరిగా మాట్లాడటం. మీ ఉత్తరం చదివితే మీరు ఇప్పటికే మనసులో ఈ సంభాషణను వందసార్లు నడిపారని తెలుస్తోంది. ప్రతిసారీ సాహెల్ దగ్గరే మొదలుపెడుతున్నారు. అక్కడ మొదలుపెడితే తొలి వాక్యంలోనే ఆయన దోషిగా నిలబడతారు. నా మాట విని గాంబియాతో మొదలుపెట్టండి. అది కొత్త పని, అందులో ఇంకా ఎవరూ తప్పు చేయలేదు. “సార్, ఈ దేశం 1964లో తమ పేరులో ‘ది’ ఉంచమని అడిగిందట, మనం ఏం చేద్దాం?” అని అడగండి. పాఠాలు చెప్పిన మనిషికి ప్రశ్న అంటే ఇష్టముంటుంది. ఉక్రెయిన్ గురించి అంత శ్రద్ధగా విన్న ఆయన గాంబియా కోరికను కాదనరు. అది ఒప్పుకున్న తరువాత, పశ్చిమ ఆఫ్రికా పేర్లన్నిటికీ ఒక పేజీ పట్టిక తయారు చేద్దామని అడగండి. 1984లో అప్పర్ వోల్టా నుంచి పేరు మార్చుకున్న బుర్కినా ఫాసో, ఆ దేశస్థులకు వాడే ‘బుర్కినాబే’, తమ పేరును ఐవరీ కోస్ట్ అని అనువదించవద్దని 1985లో కోరిన కోట్ డి వార్, పొరుగున ఉన్న ఈక్వటోరియల్ గినీతో కలిపి మూడు గినీలు, బెనిన్ దేశం, నైజీరియాలో ఉన్న బెనిన్ నగరం అన్నీ అందులో రాయండి. వాటి మధ్యలో సాహెల్, నిజేరియెన్ కూడా వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. పట్టికను నివేదిక ఇచ్చిన సంస్థకు పంపి, మీ వాడుక ఏమిటో చెప్పండని అడగవచ్చు. తీర్పు వారి నుంచి వస్తుంది కనుక గెలుపోటముల ప్రసక్తి ఉండదు.

దీనికీ ఒక ఖరీదు ఉంది. గతంలో జరిగిన తప్పు పేరు పెట్టి ఎవరూ ఒప్పుకోరు, సమావేశంలో మీ మీద పడ్డ మాట అలాగే ఉంటుంది. దాన్ని ఈ పట్టికతో కలపకండి. మరో రోజు, పని మాటలేవీ లేనప్పుడు, “ఆ రోజు మీరు నా వైపు చెయ్యి చూపించినప్పుడు నాకు చాలా కష్టం కలిగింది సార్” అని అంతవరకే చెప్పండి. ఆయన క్షమాపణ అడగవచ్చు, అడగకపోవచ్చు. ఇన్నేళ్ల చనువులో ఆ మాట చెప్పే హక్కు మీకుంది. గురుద్రోహం అన్న మాటను మీ ఉత్తరంలో నాలుగుసార్లు రాశారు. పేర్లు సరిగ్గా రాయడం మీకు నేర్పింది ఆయనే కదా! ఆ విద్యను ఆయన ఎదుటే వాడటం ద్రోహం ఎలా అవుతుంది?

మాటల్లో ఆయన ‘ది సాహెల్’ దగ్గర మాత్రం మెట్టు దిగకపోతే, అది వదిలేయడం నాకు అభ్యంతరం కాదు. దానికీ ఒక ఉపాయముంది. ‘సహేలియన్ రైతులు’, ‘సాహెల్ దేశాలు’ అన్న పద్ధతిలో వాక్యాలను కడితే చాలా చోట్ల ఆ పేరుకు ‘ది’ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. డెబ్బై చోట్లలో సగమైనా అలా తీరిపోతాయి. ‘డెజర్ట్’ దగ్గర, ‘నైజీరియన్’ దగ్గర మాత్రం ఇలాంటి సర్దుబాటు వద్దు. అచ్చయిన ప్రతుల్లో అంటించడానికి అరపేజీ తప్పొప్పుల పట్టిక వేద్దామని అడగండి. మూడు వందల ప్రతులకు దాని ఖర్చు పెద్దదేమీ కాదు.

మీ తెలుగు సారాంశం మాట చివరికి ఉంచాను, కానీ చేయవలసిన మొదటి పని అదే. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అది మీ చేతి రాత. తెలుగులో ఈ చిక్కును తప్పించుకోవడం తేలిక కూడా. మనకు ‘నిజేరియెన్’ లాంటి విశేషణమే అవసరం లేదు. ‘నైజర్ రైతులు’ అంటే చాలు. నేను అనువాదాలు దిద్దే రోజుల్లో గినీ, గినీ బిసావులను ఒకే దేశంగా రాసి, అచ్చయ్యాక చూసుకున్నాను. రెండు రోజులు నిద్ర పట్టలేదు. తప్పు చెప్పుకుంటూ ఉత్తరం రాసిన రాత్రే పట్టింది.

ఆ శాస్త్రవేత్తకు కూడా రాయండి. పెద్దాయన ఏం చేశారో అందులో అక్కరలేదు, సమావేశంలో మీరెందుకు మాట్లాడలేదో కూడా అక్కరలేదు. తెలుగు సారాంశంలో నైజర్ రైతులను నైజీరియా రైతులని రాసింది మీరేనని, దిద్దారని, దిద్దిన ప్రతిని జత చేస్తున్నారని చెప్పండి. మనసుకు తోస్తే, ఆయన ఊళ్లో కురిసేంత వానే కురిసే ఊరు మీదని, అక్కడా సజ్జలు పండుతాయని ఒక వాక్యం కలపండి.